స్కాట్లాండ్‌లో ఎస్‌ఎన్‌పీ ఓట్లు ఎటు పోయాయి: రూథర్‌గ్లెన్ నుంచి నా జవాబు

మీరు అడిగింది ఇది. 2021 మేలో స్కాటిష్ పార్లమెంటు ఎన్నికల్లో 129 సీట్లకు 64 గెలిచిన స్కాటిష్ నేషనల్ పార్టీ (ఎస్‌ఎన్‌పీ, బ్రిటన్ నుంచి స్కాట్లాండ్ విడిపోవాలనే పార్టీ), మూడేళ్ల తర్వాత 2024 జులైలో బ్రిటన్ పార్లమెంటు ఎన్నికల్లో 57కి 9 సీట్లకు పడిపోయింది కదా, ఆ ఓట్లన్నీ లేబర్‌కు వెళ్లిపోయాయా? విడి దేశం కావాలన్న కోరిక జనంలో తగ్గిపోయిందా? చివర్లో ఇంకోటి కూడా అడిగారు, గ్లాస్గోలో మాస్టర్స్ చేస్తున్న మాలాంటి వాళ్లకు ఇక్కడ ఓటు ఉంటుందా అని.

మొదటి రెండింటికీ నా జవాబు "లేదు" అని. మూడోదానికి "ఉంది" అని. ఎందుకో చెప్తాను, కొంచెం పెద్దదే అవుతుంది.

నేను రూథర్‌గ్లెన్‌లో ఉంటాను. గ్లాస్గోను ఆనుకునే ఉంటుంది, రైలెక్కితే పది నిమిషాల్లో సిటీలో దిగుతాం, కానీ కౌన్సిల్ మాత్రం సౌత్ లానార్క్‌షైర్. ఒంగోలు నుంచి 2013లో వచ్చాం, ఇక్కడే ఒక మందుల షాపు కౌంటర్‌లో పని చేస్తున్నాను. మందుల షాపు కౌంటర్ అంటే మీకు తెలుసుగా, బీపీ మాత్రలకు వచ్చినవాళ్లు పది నిమిషాలు నిలబడి అన్నీ మాట్లాడతారు, అందులో రాజకీయం సగం. నేనేం సర్వే చేయలేదు, పదేళ్లకు పైగా ఆ కౌంటర్ దగ్గర విన్నది, నా ఓటు నేను వేసినది, దానికి తోడు ఎన్నికల లెక్కలు, ఇంతే నా దగ్గర ఉన్నది. అయితే ఈ విషయానికి రూథర్‌గ్లెన్ కంటే మంచి చోటు దొరకదు. బ్రిటన్ పార్లమెంటుకు ఇక్కడ 2010లో లేబర్ 60 శాతం పైగా ఓట్లతో గెలిచింది. 2015లో ఎస్‌ఎన్‌పీ లాక్కుంది. 2017లో లేబర్ 265 ఓట్ల తేడాతో వెనక్కి తెచ్చుకుంది. 2019లో మళ్లీ ఎస్‌ఎన్‌పీ. 2023 ఉప ఎన్నికలో లేబర్, 2024లోనూ లేబరే. మధ్యలో స్కాటిష్ పార్లమెంటుకు మాత్రం 2016లో, 2021లో ఎస్‌ఎన్‌పీయే గెలిచింది. అవే వీధులు, దాదాపు అవే మనుషులు.

ఊరు ఇన్నిసార్లు మనసు మార్చుకుందా అని నాకూ అనిపించేది. తర్వాత పర్సెంటేజీలు పక్కన పెట్టి అసలు ఓట్లు ఎన్ని పడ్డాయో చూశాను. మీరూ చూడండి. లేబర్‌కు 2015లో 20,304 ఓట్లు వచ్చాయి, ఓడిపోయింది. 2017లో 19,101, గెలిచింది. 2019లో 18,545, ఓడిపోయింది. 2023లో 17,845, భారీ మెజారిటీతో గెలిచింది. ప్రతిసారీ కొన్ని వందలో, వెయ్యికి పైగానో తగ్గుతూనే వచ్చింది, గెలుపోటములు మాత్రం మారిపోతూ ఉన్నాయి! ఇప్పుడు అదే వరసలో ఎస్‌ఎన్‌పీ ఓట్లు చూడండి: 30,279, తర్వాత 18,836, తర్వాత 23,775, ఉప ఎన్నికలో 8,399. ఊగిందంతా ఇక్కడే. లేబర్ అభ్యర్థి ఎవరైనా దాదాపు ఒకచోటే నిలబడ్డాడు, ఎస్‌ఎన్‌పీ జనం వచ్చినప్పుడు ఓడాడు, రానప్పుడు గెలిచాడు.

ఆ ఉప ఎన్నిక సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే 2021 తర్వాత గాలి మారిందని అందరూ మొదట గట్టిగా అన్నది దాన్ని చూసే. మా ఎంపీ మార్గరెట్ ఫెరియర్ 2020లో కోవిడ్ పాజిటివ్ అని తెలిశాక కూడా లండన్ నుంచి గ్లాస్గోకు రైల్లో వచ్చారు, అది కేసయింది, సభ నుంచి 30 రోజులు సస్పెండ్ చేశారు. ఇక్కడ ఒక పద్ధతి ఉంది, ఎంపీ కనీసం 10 సభా దినాలు సస్పెండ్ అయితే నియోజకవర్గంలో రీకాల్ పిటిషన్ పెడతారు, పది శాతం ఓటర్లు సంతకం చేస్తే సీటు ఖాళీ అయినట్టే. మా దగ్గర 11,896 మంది సంతకం పెట్టారు. 2023 అక్టోబర్ 5న పోలింగ్ జరిగింది. లేబర్‌కు 58.6 శాతం, ఎస్‌ఎన్‌పీకి 27.6 శాతం. మర్నాడు టీవీ పెడితే మా ఊరి పేరే, స్కాట్లాండ్ మళ్లీ లేబర్ చేతికి వచ్చేసిందన్నట్టు మాట్లాడారు. కానీ పోలింగ్ ఎంతో తెలుసా, 37 శాతం. 2019లో 66 శాతం దాటింది. ఓడిపోయినప్పుడు వచ్చినన్ని ఓట్లు కూడా రాకుండానే లేబర్ ఘనవిజయం సాధించిందంటే మిగతావాళ్లు ఇంట్లో ఉండిపోయారనే కదా అర్థం.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. మొత్తం దాదాపు అంతే ఉంది కాబట్టి వేసినవాళ్లు కూడా వాళ్లేనని అనుకోకూడదు. పోలింగ్ అంత పడిపోయినప్పుడు పాత లేబర్ ఓటర్లలో కూడా చాలామంది వచ్చి ఉండరు, వాళ్ల చోట్లో కొత్తవాళ్లు చేరారు. 2019లో ఇక్కడ 8,054 ఓట్లు తెచ్చుకున్న కన్జర్వేటివ్‌లకు ఉప ఎన్నికలో 1,192 పడ్డాయి, డిపాజిట్ పోయింది. వాళ్లదీ లేబర్‌లాగే విడిపోవద్దనే పార్టీ, కాబట్టి వాళ్లలో కొంతమంది ఎస్‌ఎన్‌పీని ఓడించగలిగేది లేబరే కదా అని అటు వేసి ఉంటారు. ఎస్‌ఎన్‌పీ నుంచి లేబర్‌కు నేరుగా మారినవాళ్లూ ఉన్నారు. అందులో నేనొకదాన్ని.

నా ఓట్ల చరిత్రే చెప్తాను, ఓటరు మనసు ఎంత మెలికలు తిరుగుతుందో దాంట్లోనే తెలుస్తుంది. 2014 సెప్టెంబర్ 18న, బ్రిటన్ నుంచి స్కాట్లాండ్ విడిపోవాలా వద్దా అని పెట్టిన రెఫరెండంలో నేను విడిపోవద్దు అనే వేశాను. వీసా ఏమవుతుందో, కరెన్సీ ఏమవుతుందో అని ఒకటే టెన్షన్ ఆ రోజుల్లో, మా ఆయన ఉద్యోగం కూడా కొత్త. స్కాట్లాండ్ మొత్తం మీద 55 శాతం మంది అలాగే వేశారు. కానీ 2021లో నియోజకవర్గం ఓటు ఎస్‌ఎన్‌పీకి వేశాను. విడిపోవడం ఇష్టం లేకుండా విడిపోదాం అనే పార్టీకి ఎలా వేశావు అని మా తమ్ముడు ఫోన్‌లో అడిగాడు. కోవిడ్ రోజుల్లో, అప్పటి ఎస్‌ఎన్‌పీ నాయకురాలు, స్కాట్లాండ్ ఫస్ట్ మినిస్టర్ (మన ముఖ్యమంత్రి లాంటి పదవి) నికోలా స్టర్జన్ రోజూ టీవీలో నిలబడి ఉన్నదున్నట్టు చెప్పిన తీరు నాకు నచ్చింది. పైగా నేను కూర్చునేది మందుల కౌంటర్‌లో, ఇక్కడ 2011 నుంచి డాక్టర్ రాసిన మందులు అందరికీ ఉచితం, ఇంగ్లాండ్‌లో ఒక్కో ఐటమ్‌కు దాదాపు 10 పౌండ్లు కట్టాలి. డబ్బుల్లేక మూడు మందుల్లో ఏ రెండు తీసుకోవాలా అని ఎవరూ నా ముందు నిలబడాల్సిన అవసరం లేదు, అది చిన్న విషయం కాదు నాకు. అదే రోజు, అదే బూత్‌లో, రెండో కాగితం మీద లేబర్‌కు వేశాను. 2023లో లేబర్‌కు వేశాను. ఇందులో ఏ ఒక్క ఓటు వేసినందుకూ నేను పశ్చాత్తాపపడను.

ఈ రెండో కాగితం సంగతి తెలియకపోతే స్కాట్లాండ్ లెక్కలు అర్థం కావు. 129లో 73 సీట్లు మన అసెంబ్లీలాగే, ఎవరికి ఎక్కువొస్తే వాళ్లది. మిగతా 56 సీట్లు ఎనిమిది ప్రాంతాలకు ఏడేసి చొప్పున, పార్టీ లిస్టు నుంచి. ఆ ప్రాంతంలో పార్టీకి వచ్చిన లిస్టు ఓట్లను, అది అప్పటికే గెలిచిన సీట్లకు ఒకటి కలిపి భాగిస్తారు, ఎక్కువ వచ్చిన పార్టీకి తర్వాతి సీటు. 2021లో మా గ్లాస్గో ప్రాంతంలో నియోజకవర్గాలు తొమ్మిదీ ఎస్‌ఎన్‌పీయే గెలిచింది (అందులో రూథర్‌గ్లెన్ ఒకటి), కాబట్టి దాని లిస్టు ఓట్లను మొదటే పదితో భాగించారు, ఒక్క లిస్టు సీటూ రాలేదు. ఆ ఏడు లిస్టు సీట్లలో లేబర్‌కు నాలుగు, కన్జర్వేటివ్‌లకు రెండు, గ్రీన్స్‌కు (పర్యావరణం పార్టీ) ఒకటి వెళ్లాయి. అప్పటి స్కాటిష్ లేబర్ నాయకుడు అనస్ సర్వార్ నియోజకవర్గంలో స్టర్జన్ మీద ఓడిపోయి లిస్టులోనే సభకు వచ్చారు. ఇది తెలిసినవాళ్లు మొదటి ఓటు ఒకరికి, రెండోది ఇంకొకరికి వేస్తారు, అందుకే ఆ ఎన్నికలో ఎస్‌ఎన్‌పీకి నియోజకవర్గం ఓట్లు 47.7 శాతం, లిస్టు ఓట్లు 40.3 శాతం. ఒకే రోజు, ఒకే మనిషి! మరి ఎస్‌ఎన్‌పీ ఓటరు అని మనం ఎవర్ని అనాలి?

ఇక ఎస్‌ఎన్‌పీ జనం ఓటుకు అసలు ఎందుకు రాలేదు అన్నది. మా పై అంతస్తులో ఒక పెద్దాయన ఉంటారు, కుర్రతనంలో క్లైడ్‌బ్రిడ్జ్ ఉక్కు ఫ్యాక్టరీలో పని చేశారు. వాళ్ల నాన్న కాలం నుంచి లేబర్ కుటుంబం. 2014లో ఆయన విడిపోదాం అని వేశారు, అప్పుడు లేబర్ కన్జర్వేటివ్‌లతో ఒకే వేదిక ఎక్కి వద్దని ప్రచారం చేసిందని ఆయనకు ఇప్పటికీ కోపం. 2015 నుంచి ఎస్‌ఎన్‌పీకే వేస్తూ వచ్చారు. ఆయనలాంటి వాళ్ల వల్లే ఆ ఏడాది ఎస్‌ఎన్‌పీ 59కి 56 గెలిచింది. 2023 ఉప ఎన్నిక రోజు సాయంత్రం మెట్ల దగ్గర కనిపిస్తే, ఓటు వేసి వచ్చారా అని అడిగాను. "లేదు హెన్, ఈసారి నా కాళ్లు అటు నడవలేదు" అన్నారు. (ఇక్కడ పెద్దవాళ్లు ఆడవాళ్లను హెన్ అంటారు, మనవాళ్లు అమ్మాయ్ అన్నట్టు.) మరి లేబర్‌కు వేయొచ్చుగా అంటే, అదెలా వేస్తాను అన్నట్టు నా మొహం చూశారు.

ఆయన కోపానికి కారణాలు కౌంటర్ దగ్గర రోజూ వినేవే. 2007 నుంచి ఒకే పార్టీ అధికారంలో ఉంది, ఆసుపత్రిలో మోకాలి ఆపరేషన్‌కు ఏళ్ల తరబడి వెయిటింగ్, దీవులకు వెళ్లే ఫెర్రీలు కట్టడం ఏళ్ల తరబడి ఆలస్యమైంది, ఖర్చు పెరుగుతూనే పోయింది. 2022 నవంబర్‌లో బ్రిటన్ సుప్రీంకోర్టు, లండన్ ఒప్పుకోకుండా స్కాటిష్ పార్లమెంటు సొంతంగా రెఫరెండం పెట్టలేదని తీర్పు చెప్పింది. నా దృష్టిలో అన్నింటికంటే పెద్ద దెబ్బ అదే. ఎస్‌ఎన్‌పీకి ఓటు వేస్తే రెఫరెండం వస్తుందని వేసినవాళ్లకు ఆ రోజు నుంచి దారి మూసుకుపోయింది. ఇంక ఎందుకు వేయాలి? 2023 ఫిబ్రవరిలో స్టర్జన్ రాజీనామా ప్రకటించారు, తర్వాత పార్టీ నిధుల మీద పోలీసు విచారణ వార్తలు (ఆమె మీద విచారణ ముగిసిందని, చర్యలేమీ ఉండవని 2025 మార్చిలో పోలీసులు చెప్పారు, అది కూడా చెప్పడం న్యాయం). ఆమె స్థానంలో హమ్జా యూసఫ్ వచ్చారు, గ్రీన్స్‌తో ఒప్పందం తెంచుకున్న నాలుగు రోజులకే, 2024 ఏప్రిల్‌లో, రాజీనామా చేయాల్సి వచ్చింది. ఆయన తర్వాత జాన్ స్విన్నీ వచ్చిన రెండు నెలలకే బ్రిటన్ ఎన్నికలు.

ఆ ఎన్నికల్లో స్కాట్లాండ్ మొత్తం లెక్క కూడా మా ఊరి లెక్కలాగే ఉంది, కాకపోతే అక్కడ మారినవాళ్లు ఇంకా ఎక్కువ. ఎస్‌ఎన్‌పీకి 2019లో దాదాపు 12.4 లక్షల ఓట్లు, 2024లో 7.25 లక్షలు, అంటే అయిదు లక్షలకు పైగా పోయాయి. లేబర్ 5.1 లక్షల నుంచి 8.5 లక్షలకు పెరిగింది. లేబర్‌కు పెరిగిన 3.4 లక్షల్లో కన్జర్వేటివ్‌ల నుంచి వచ్చినవీ ఉంటాయి కాబట్టి, ఎస్‌ఎన్‌పీ పోగొట్టుకున్న ఓట్లలో పెద్ద వాటా ఎవరికీ పడలేదని సులభంగానే అర్థమవుతుంది. పోలింగ్ 68 నుంచి 59 శాతానికి పడిపోయింది. సీట్లు చూస్తే మాత్రం లేబర్ 37, ఎస్‌ఎన్‌పీ 9. ఓట్లలో తేడా అయిదు శాతమే, 35, 30. మన దగ్గర 2024లో వైఎస్సార్‌సీపీకి 39 శాతం ఓట్లు వచ్చి 11 సీట్లే వచ్చాయి కదా, ఆ పద్ధతే. సీట్లు చూసి జనం మనసు చదవబోతే తప్పులో కాలేస్తాం.

మా పెద్దాయన ఆ జులైలో వెళ్లి లేబర్‌కే వేశారు, కన్జర్వేటివ్‌లను దించాలని. "ఇది లండన్ ఎన్నిక, మన ఎన్నిక వేరు" అన్నారు. ఆ మాట ఆయన చాలా మామూలుగా అన్నారు గానీ నాకు సగం జవాబు అందులోనే దొరికింది. ఇది మనకు కొత్తేమీ కాదు. తెలంగాణలో 2023 డిసెంబర్‌లో 37 శాతం ఓట్లతో 39 అసెంబ్లీ సీట్లు గెలిచిన బీఆర్‌ఎస్‌కు ఆరు నెలలకే లోక్‌సభ ఎన్నికల్లో 17 శాతం దగ్గర ఆగి ఒక్క సీటూ రాలేదు. ఢిల్లీకి వేసే ఓటు వేరు, హైదరాబాద్‌కు వేసే ఓటు వేరు అని మన ఓటరు ఎప్పుడో తేల్చుకున్నాడు, ఇక్కడివాళ్లూ అంతే.

ఆ 2024 జులైలోనే లండన్‌లో కొత్త లేబర్ ప్రభుత్వం పింఛనుదారులకు చలికాలం హీటింగ్ కోసం ఇచ్చే డబ్బును తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకే పరిమితం చేస్తామని ప్రకటించింది, ఆ చలికాలం స్కాట్లాండ్‌లోనూ అలాగే జరిగింది. నవంబర్‌లో మా పెద్దాయన మందులకు వచ్చినప్పుడు కోటు లోపల రెండు స్వెటర్లు వేసుకుని ఉన్నారు. లేబర్ మాట ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

స్వాతంత్ర్యం కోరిక తగ్గిందా అన్న మీ రెండో ప్రశ్నకు వస్తే, ఎస్‌ఎన్‌పీ ఓటు ఇంత కరిగినా చాలా సర్వేల్లో విడిపోదాం అనేవాళ్లు 45 నుంచి 50 శాతం మధ్యలోనే ఉంటూ వచ్చారు, 2014లో వచ్చింది కూడా 45 శాతమే. కోరిక అలాగే ఉంది, ఆ పార్టీకి అప్పగించడం మానేశారు కొంతమంది. నాకు ఇదంతా చూస్తుంటే కొంచెం భయం కూడా వేస్తుంది, ఎందుకంటే రెండు పక్కలా నమ్మకం పోయిన ఓటరు ఎల్లకాలం ఇంట్లోనే కూర్చోడు. 2025 జూన్ 5న మా పక్కనే హామిల్టన్, లార్క్‌హాల్, స్టోన్‌హౌస్ నియోజకవర్గంలో స్కాటిష్ పార్లమెంటుకు ఉప ఎన్నిక జరిగింది. లేబర్ 31.6 శాతంతో గెలిచింది, ఎస్‌ఎన్‌పీకి 29.4, రిఫార్మ్ యూకేకు 26.1. అదే చోట 2021లో లేబర్‌కు 33.6 శాతం వచ్చింది, ఓడిపోయింది. మళ్లీ అదే కథ చూశారా, తక్కువ వాటాతో గెలుపు. కానీ రూథర్‌గ్లెన్‌లో ఎస్‌ఎన్‌పీ జనం ఇంట్లో ఉండిపోతే, ఇక్కడ వలసల మీద గట్టిగా మాట్లాడే ఒక కొత్త పార్టీ నాలుగో వంతుకు పైగా ఓట్లు తీసుకుపోయింది. కన్జర్వేటివ్‌లు 17.5 నుంచి 6 శాతానికి వచ్చేశారు, ఆ ఓటు ఎటు పోయిందో ఊహించడం కష్టం కాదు, అయితే 26 శాతం రావాలంటే అది ఒక్కటే చాలదు, మిగతా ఇద్దరి నుంచీ కూడా పోయి ఉండాలి. ఆ ప్రచారం రోజుల్లో కౌంటర్ దగ్గర నా ఎదుటే "బయటివాళ్లు" అన్న మాట వినిపించడం మొదలైంది. అన్నవాళ్లు చెడ్డవాళ్లు కాదు, వాళ్ల ఇన్హేలర్ ఏ రంగుదో కూడా నాకు తెలుసు. "నువ్వు కాదులే హెన్" అని వెంటనే అంటారు. ఆ మాట ఇంటికొచ్చాక కూడా నన్ను వదలదు.

అందుకే మీ మూడో ప్రశ్నకు కొంచెం గట్టిగా చెప్తున్నాను. ఓటు ఉంది. మనం కామన్వెల్త్ దేశం పౌరులం కాబట్టి, ఇక్కడ ఉండటానికి చెల్లే వీసా ఉంటే చాలు, స్టూడెంట్ వీసా అయినా సరే, స్కాటిష్ పార్లమెంటుకు, కౌన్సిల్‌కు, లండన్ పార్లమెంటుకు కూడా ఓటు వేయొచ్చు. సిటిజన్‌షిప్ అక్కర్లేదు. నాకు తెలిసిన మన పిల్లలు చాలామందికి ఈ సంగతే తెలియదు, రిజిస్ట్రేషన్ ఉత్తరం వస్తే మనకి కాదనుకుని పక్కన పడేస్తారు. పోలింగ్‌కు 12 పని దినాల ముందే ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవాలి, అయిదు నిమిషాల పని, ఇల్లు మారితే మళ్లీ చేసుకోవాలి. లండన్ ఎన్నికలకైతే ఫోటో గుర్తింపు అడుగుతారు, మన ఇండియన్ పాస్‌పోర్ట్ చెల్లుతుంది, 2023లో నేను అదే చూపించాను. స్కాటిష్ పార్లమెంటు ఎన్నికలకు అదీ అడగరు. ఉదయం ఏడు నుంచి రాత్రి పది దాకా బూత్ తెరిచే ఉంటుంది, పోలింగ్ కార్డు ఇంట్లో మర్చిపోయినా ఫరవాలేదు, పేరు, అడ్రస్ చెబితే లిస్టులో చూసి కాగితాలు ఇస్తారు.